కారు వైర్లు కొరికే ఎలుకలు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో ఏ గ్యాడ్జెట్ పనిచేస్తుంది, ఏది డబ్బు దండగ?

కొత్త కారు కొనేటప్పుడు మనం టచ్‌స్క్రీన్ సైజు చూస్తాం, 360 డిగ్రీల కెమెరా ఉందా అని అడుగుతాం, ఎయిర్‌బ్యాగులు లెక్కపెడతాం. వీటన్నింటినీ కలిపి నడిపించేవి మాత్రం పెన్ రీఫిల్ కంటే సన్నగా ఉండే వైర్లు. వాటిలో ఒక్కటి తెగినా లక్షల కారు ఇంటి ముందు బొమ్మలా నిలబడిపోతుంది. ఆ పని చెయ్యడానికి హ్యాకర్ అక్కర్లేదు, ఒక ఎలుక చాలు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు కారున్న ఎవరిని అడిగినా ఇలాంటి కథ ఒకటి చెప్తారు. దీనికి పరిష్కారం అంటూ ఆన్‌లైన్‌లో అల్ట్రాసోనిక్ డివైజ్‌లు, స్ట్రోబ్ లైట్లు, స్ప్రేలు, టేపులు బోలెడు దొరుకుతున్నాయి. వీటిలో ఏది కొనాలి, ఏది వదిలేయాలి, అసలు కొనకుండానే ఏం చెయ్యొచ్చు అనేది ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఈ ఏరియాలోనే ఎందుకింత గోల?

సమాధానం ఒక్క మాటలో చెప్పాలంటే వడ్లు. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి సాగు బాగా పెరిగింది. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు గుర్తొస్తాయి. వానాకాలం పంట, యాసంగి పంట, కల్లాల్లో వడ్ల రాశులు, మిల్లుల్లో నూక, తవుడు, ఇళ్ల వెనక గడ్డివాములు. ఎలుకకి ఏడాది పొడుగునా ఫుల్ మీల్స్ అన్నమాట.

పంట నిలిచి ఉన్నప్పుడు ఎలుకలు పొలం గట్లలో బొరియలు పెట్టుకుని ఉంటాయి. హార్వెస్టర్ వచ్చి కోసుకుపోగానే వాటికి తిండీ పోతుంది, దాక్కునే చోటూ పోతుంది. అప్పుడు గడ్డివాముల్లోకి, గోదాముల్లోకి, ఇళ్లలోకి వస్తాయి. అంటే వానాకాలం కోతలయ్యే అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, యాసంగి కోతలయ్యే ఏప్రిల్, మే నెలల్లో మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. భారీ వర్షాలప్పుడు కూడా అంతే. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కోదాడను ముంచేసిన వానలు గుర్తున్నాయి కదా. బొరియల్లోకి నీళ్లొస్తే ఎలుక పొడిగా, ఎత్తుగా ఉన్న చోటు వెతుక్కుంటుంది. దాని లెక్కలో బోనెట్ కింద చోటు కూడా అలాంటిదే.

ఒక సరదా విషయం. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ అనే మాట మన "పందికొక్కు" నుంచే వెళ్లింది. 1996లో ప్లేస్టేషన్‌లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ గేమ్ పేరులో ఉన్నదీ ఆ మాటే. అయితే పందికొక్కు ప్రధానంగా నేల తవ్వే జీవి. టైరు మీదుగా సస్పెన్షన్ పట్టుకుని ఇంజిన్ దాకా పాకడంలో ఆరితేరింది మాత్రం ఇళ్లలో తిరిగే మామూలు నల్ల ఎలుక. చిట్టెలుకకైతే 6 మిల్లీమీటర్ల సందు దొరికితే చాలు, ఎలుకకి సుమారు 12 మిల్లీమీటర్లు. బోనెట్ కింద అలాంటి సందులకు కొదవే లేదు.

వైరులో దానికి ఏం రుచి?

ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే దాని నోరే మూతపడదు. ఆ పళ్ల ముందు భాగంలోని ఎనామిల్‌లో ఇనుము ఉంటుంది, అందుకే నారింజ రంగులో కనిపిస్తాయి. రాగి కంటే ఆ ఎనామిల్ గట్టిది. కాబట్టి వైరు మీది ప్లాస్టిక్ తొడుగు దానికి ఒక లెక్కే కాదు.

"ఇప్పటి వైర్లను సోయాతో చేస్తున్నారట, అందుకే తింటున్నాయి" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. దీని మీద అమెరికాలో కేసులు కూడా పడ్డాయి. 2016లో టయోటా మీద కాలిఫోర్నియాలో ఒక క్లాస్ యాక్షన్ వేశారు. కానీ సోయా మాట పుట్టకముందు నుంచే ఎలుకలు ఇళ్లలో కరెంటు వైర్లు, టెలిఫోన్ కేబుళ్లు, ప్లాస్టిక్ పైపులు కొరుకుతూనే ఉన్నాయి. అందుకని మీ కారు వైరులో సోయా ఉందా లేదా అని వెతకడం టైమ్ వేస్ట్.

అసలు ఆకర్షణ ఇంజిన్ బే. నడిపి ఆపిన కారు కొన్ని గంటలు వెచ్చగా ఉంటుంది. పైన కప్పు, చుట్టూ చీకటి, గూడు కట్టుకోవడానికి బోనెట్ లోపలి ఫెల్ట్, క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ కాగితం. ఇంకో పాయింట్ చాలామంది పట్టించుకోరు. ఒక ఎలుక వచ్చిపోతే దాని మూత్రం వాసన అక్కడే ఉండిపోతుంది, దాన్ని పట్టుకుని ఇంకో ఎలుక వస్తుంది. రిపేర్ చేయించి శుభ్రం చేయించకపోతే నెలలోపే మళ్లీ అదే కథ కావొచ్చు.

ఒక్క వైరు తెగితే కారంతా ఎందుకు ఆగుతుంది?

ఇది మన టెక్ బ్యాచ్‌కి ఇష్టమైన పార్ట్. ఇప్పటి కార్లో ఇంజిన్, ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, మీటర్ క్లస్టర్ అన్నింటికీ వేర్వేరు కంప్యూటర్లు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది క్యాన్ బస్ మీద. బాష్ కంపెనీ 1986లో పరిచయం చేసిన ప్రోటోకాల్ ఇది. మెలితిప్పిన రెండు వైర్లు, క్యాన్ హై, క్యాన్ లో. మాటల్లేనప్పుడు రెండింటి మీదా సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. డేటా వెళ్లేటప్పుడు ఒకటి 3.5కి పెరుగుతుంది, ఇంకోటి 1.5కి తగ్గుతుంది. ఈ తేడానే సిగ్నల్.

ఎలుక ఈ రెండింట్లో ఒకదాన్ని తెంపినా, తొడుగు పోయి రెండూ తగులుకున్నా ఆ లైన్ మీద మాటలు ఆగిపోవచ్చు. అప్పుడు ఇమ్మొబిలైజర్ నుంచి ఇంజిన్ కంప్యూటర్‌కి ఓకే రాదు, సెల్ఫ్ కొట్టినా కారు స్టార్ట్ కాదు. లేదంటే డ్యాష్‌బోర్డ్ మీద సంబంధం లేని నాలుగైదు లైట్లు ఒకేసారి వెలుగుతాయి.

సెన్సార్ వైరు తెగితే లక్షణం వేరేలా ఉంటుంది. క్రాంక్ సెన్సార్ అయితే ఇంజిన్ ఆగిపోవచ్చు, ఆక్సిజన్ సెన్సార్ అయితే మైలేజ్ పడిపోతుంది, వీల్ స్పీడ్ సెన్సార్ అయితే ఏబీఎస్ పనిచెయ్యదు. 65వ నంబర్ హైవే మీద లారీల మధ్య వంద స్పీడ్‌లో వెళ్తూ సడెన్ బ్రేక్ వెయ్యాల్సి వచ్చినప్పుడు ఏబీఎస్ లేకపోవడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఇక పెట్రోల్ గొట్టానికి పళ్లు దిగితే నేరుగా మంటల ప్రమాదమే. బోనెట్ దగ్గర పెట్రోల్ వాసన వస్తే కీ తిప్పకండి, మెకానిక్‌ని ఇంటికే పిలవండి.

కొండను తవ్వక్కర్లేకుండా ఎలుకను పట్టడం

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని సామెత. హార్నెస్‌లో తెగిన వైరు వెతకడం అచ్చం అలాంటి పనే. కానీ ఓ చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే తవ్వాల్సిన కొండ బాగా తగ్గిపోతుంది. స్టీరింగ్ కింద ఉండే పోర్ట్‌కి బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఎర్రర్ కోడ్‌లు వస్తాయి. పీ0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్ చూడాలి. యు0100 వస్తే ఇంజిన్ కంప్యూటర్‌తో కమ్యూనికేషన్ తెగింది అని అర్థం. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, కోడ్ క్లియర్ చేసెయ్యకండి. మెకానిక్‌కి అదే పెద్ద క్లూ.

మల్టీమీటర్ వాడటం వస్తే ఇంకో టెస్ట్ ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగి, ఓబీడీ పోర్ట్‌లో 6, 14 పిన్‌ల మధ్య రెసిస్టెన్స్ చూడండి. క్యాన్ లైన్ రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి బాగుంటే సుమారు 60 రావాలి. 120 వస్తే ఎక్కడో లైన్ తెగినట్టు, సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ తగులుకున్నట్టు. కొన్ని కొత్త మోడళ్లలో మధ్యలో గేట్‌వే ఉంటుంది, వాటిలో ఈ లెక్క మారుతుంది. సర్వీస్ మాన్యువల్ చూసుకోండి.

మిర్యాలగూడలో మా బంధువుల కారుకి ఇలాగే అయితే ఒక సర్వీస్ సెంటర్‌లో హార్నెస్ మొత్తం మార్చాలన్నారు. తర్వాత టౌన్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాం. "అన్నా, ఏ వైరు పోయిందో ఎట్లా తెలుస్తది?" అని అడిగితే, "ముందు వైర్లు కాదు తమ్మీ, వాసన చూడు. ఎక్కడ కంపు ఉంటే అక్కడ్నే ఉంటది" అన్నాడు. బ్యాటరీ ట్రే వెనక దొరికింది, రెండే రెండు వైర్లు. హార్నెస్ మార్చాల్సిన కేసులు నిజంగా ఉంటాయి. కానీ ఏ వైరు, ఎక్కడ, ఎన్ని అని ఫొటోతో సహా చూపించమని అడిగాకే ఒప్పుకోండి.

అతికించేటప్పుడు మూడు గమనించండి. ఇన్సులేషన్ టేప్ చుట్టి వదిలేస్తే వేడికి ఊడిపోతుంది, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వాడమనండి. క్యాన్ వైర్లయితే ఆ మెలిక అలాగే ఉంచాలి. పసుపు రంగు కనెక్టర్లు ఎక్కువగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని బయట అతికించొద్దు.

గ్యాడ్జెట్ల సంగతి: కొనాలా, వద్దా?

అల్ట్రాసోనిక్ డివైజ్: మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినిపించదు, ఎలుకకి సుమారు 80 వరకు వినిపిస్తుంది. లాజిక్ వరకు కరెక్టే. ప్రాబ్లమ్ ఏంటంటే ఆ ఫ్రీక్వెన్సీ శబ్దం అడ్డం వచ్చిన వస్తువును దాటి పెద్దగా వెళ్లదు, ఇంజిన్ బే అంటేనే అడ్డాల గుట్ట. పైగా కొన్నాళ్లకు ఎలుక ఆ శబ్దానికి అలవాటు పడిపోతుంది. అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇలాంటి డివైజ్‌లు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మీరు చెప్పే గొప్పలకు సైంటిఫిక్ ఆధారం ఉండాలి అని. ఇంకో లెక్క కూడా చూడండి. డివైజ్ 10 మిల్లీయాంప్ తీసుకుంటుంది అనుకుందాం. నెల రోజులు పార్కింగ్‌లో ఉంటే 7.2 యాంపియర్ అవర్స్ పోయినట్టే. చిన్న కారు బ్యాటరీయే 35 యాంపియర్ అవర్స్ ఉంటుంది. ఎలుక పోకపోగా బ్యాటరీ పోయే ఛాన్స్ ఉంది. మా రేటింగ్: వద్దు.

స్ట్రోబ్ లైట్: ఎలుకకి చీకటే ఇష్టం, నిజమే. కానీ ఇంజిన్ వెనక నీడ ఎప్పుడూ ఉంటుంది, అలవాటు సమస్య ఇక్కడా ఉంది. ఒక్కటే కొని ధీమాగా ఉండొద్దు.

స్ప్రేలు, నాఫ్తలీన్ గోళీలు, పొగాకు కాడలు: వాసన ఉన్నంతసేపే వీటి ప్రభావం, ఇంజిన్ వేడికి అది త్వరగా ఎగిరిపోతుంది. నాఫ్తలీన్ వాసన ఏసీ గుండా లోపలికి వస్తే మనకే తలనొప్పి. ఎండు పొగాకు సైలెన్సర్ పైపు దగ్గర పడితే అంటుకునే ప్రమాదం ఉంది. కారప్పొడి చల్లే ఐడియా అసలే వద్దు, బ్లోవర్ వేస్తే కార్లో ఉన్నవాళ్లు దగ్గలేక చస్తారు.

కారం టేప్: ఇది కాస్త తెలివైన వస్తువు. హోండా అమెరికాలో ఎలుకల కోసం ప్రత్యేకంగా ఒక టేప్ అమ్ముతుంది. మిరపకాయకు మంట ఇచ్చే క్యాప్సైసిన్ అందులో ఉంటుంది. గుంటూరు కారం మన నోటికి ఏం చేస్తుందో ఎలుక నోటికీ అదే చేస్తుంది. పొడిలా ఎగరదు, వైరు మీదే ఉంటుంది. కాకపోతే చుట్టిన చోట మాత్రమే రక్షణ. ఒకసారి కొరికిన బ్రాంచ్‌కి, చేతికందే సెన్సార్ వైర్లకి చుట్టించుకుంటే సరిపోతుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకుని కళ్లు నలుపుకోకండి.

స్టీల్ మెష్: నా లిస్ట్‌లో టాప్ ఇదే. హార్డ్‌వేర్ షాపులో దొరికే 6 మిల్లీమీటర్ల కన్నాల జీఐ జాలీ తీసుకుని క్యాబిన్ గాలి లోపలికి వెళ్లే చోట, కింద కవర్ విరిగిన చోట బిగించండి. ఫ్యాన్, బెల్ట్, సైలెన్సర్ పైపులకు దూరంగా ఉండాలి, రేడియేటర్‌కి గాలి ఆగకూడదు. అందుకే మెకానిక్ చేత చేయించండి.

యూవీ టార్చ్, పాత ఫోన్: 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేస్తే ఎండిన ఎలుక మూత్రం మెరుస్తుంది. కొన్ని రకాల కూలెంట్ కూడా మెరుస్తుంది, కన్ఫ్యూజ్ అవ్వకండి. డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్‌లో సెక్యూరిటీ కెమెరా యాప్ వేసి పార్కింగ్‌లో చిన్న లైట్ పెట్టి ఉంచితే ఎలుక ఏ గోడ పక్క నుంచి వస్తుందో తెలిసిపోతుంది. ఇవేవీ లేకపోతే నాలుగు టైర్ల చుట్టూ పల్చగా ముగ్గుపిండి చల్లండి. పొద్దున్నే పాదాల గుర్తులు కనిపిస్తాయి, ఖర్చు దాదాపు సున్నా.

ఎలుకల బోను: ఎలుక గోడ అంచు పట్టుకుని తిరుగుతుంది, కాబట్టి బోను అక్కడే పెట్టాలి. కొత్త వస్తువును చూస్తే అనుమానపడే జీవి కనుక మొదటి రెండు మూడు రోజులు తలుపు బిగించకుండా ఎండుచేప ముక్కో కాల్చిన కొబ్బరి ముక్కో పెట్టి వదిలేయండి. అలవాటయ్యాక బిగించండి. బోనెట్‌లో మాత్రం ఎలుకల మందు పెట్టొద్దు. అది తిన్న ఎలుక ఏసీ డక్ట్‌లో చచ్చిందంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి. ఇంట్లో పిల్లలో కుక్కలో ఉంటే ఇంకా డేంజర్. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అవుతుంది.

ఈవీ ఉంటే?

ఇంజిన్ లేదు కదా, ఎలుక రాదు అనుకోవద్దు. చీకటి, చాటు ఈవీలోనూ ఉంటాయి, 12 వోల్టుల వైరింగ్, సెన్సార్లు, క్యాన్ బస్ కూడా ఉంటాయి. నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజ్‌వి. వాటి మీద పంటి గుర్తు కనిపించినా ముట్టుకోకండి, చార్జింగ్ పెట్టకండి, కంపెనీ వాళ్లకు ఫోన్ చెయ్యండి.

క్లెయిమ్ చెయ్యాలా, చేతి డబ్బు పెట్టాలా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఎలుక నష్టానికి ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ కవర్ ఉన్నా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కి మినహాయింపు ఉంటుంది, దాన్ని చూపించి తిరస్కరించే అవకాశం ఉంది. అందుకే వైరు మీద పంటి గుర్తులు, రెట్టలు, గూడు ఫొటోలు తియ్యండి. సర్వేయర్ చూసేదాకా తెగిన వైర్లు పారేయకండి. జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు పార్టుల ధరలో సగం మనమే కట్టుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నా అవుతుంది. తర్వాత ఏడాదికొక మెట్టు చొప్పున 20, 25, 35, 45, 50 అంటూ మళ్లీ ఎక్కాలి. మీ పూర్తి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 రూపాయలు అనుకుందాం. పోయే డిస్కౌంట్ వరసగా 5,000, 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500. దీనికి 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి మినహాయింపు 1,000 కలపండి. అంటే రిపేర్ బిల్లు 13,500 లోపు ఉంటే క్లెయిమ్ చేసి లాభం లేదు. కారు పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి మీ నంబర్ కొంచెం మారుతుంది. బోనస్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటే లెక్కే వేరు. మీ పాలసీ తెరిచి మీ అంకెలు పెట్టి చూసుకోండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇవ్వండి. నెలలో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు లేదు.

మొత్తంగా చూస్తే

హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ ఊళ్లో కారు వదిలేసే వాళ్లు మనలో చాలామంది. కదలని కారే ఎలుకకి బెస్ట్ ఇల్లు. అందుకే ఇంట్లో వాళ్లకు చెప్పి రెండు మూడు రోజులకోసారైనా బోనెట్ తెరిచి చూడమనండి, కుదిరితే ఓ రౌండ్ తిప్పమనండి. గడ్డివాము, వడ్ల బస్తాలు, కోళ్ల దాణా ఉన్న చోటికి దూరంగా పార్క్ చెయ్యండి. కార్లో మిర్చి బజ్జీ కవర్లు, బిస్కెట్ ముక్కలు వదలొద్దు. రెట్టలు కనిపిస్తే గ్లవ్స్, మాస్క్ వేసుకుని తడి గుడ్డతో తుడవండి, పొడిగా ఊడవకండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులొస్తాయి.

కొనాల్సిన ఆర్డర్ ఇది: ముందు బోను, తర్వాత జీఐ జాలీ, ఆ తర్వాత ఓబీడీ స్కానర్, ఇంకా బడ్జెట్ ఉంటే కారం టేప్. అల్ట్రాసోనిక్ డివైజ్ ఇప్పటికే కార్ట్‌లో పెట్టి ఉంటే తీసేసి, ఆ డబ్బుతో మెకానిక్ చేత కింద కవర్ సరిగ్గా బిగించించండి. ఈ వారం వడ్ల కోతలు నడుస్తుంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.